సంతకొచ్చిన సముద్రం

“శనివారం ప్రదర్శన పెట్టారేంటి మేడం? హుకుంపేటలో శనివారం సంత. మీ పీతల్ని చూడ్డానికి మా స్కూలుకి దోమలు కూడా రావు.”

ఫ్లోరెన్స్ నావైపు కొరకొరా చూసింది.

“నిన్న అమావాస్య మాస్టారూ. అమావాస్యకి సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది. రాళ్ల మధ్య జీవాలు దొరికేది అప్పుడే. మర్నాడే చూపించాలి. మీ సంత కోసం సముద్రం ఆగదు.”

“సముద్రం కోసం మా సంతా ఆగదండి.”

ఆవిడ భీమిలి దగ్గర యూనివర్సిటీ వాళ్ల సముద్రజీవుల కేంద్రంలో పరిశోధన చేస్తోంది. అప్పుడప్పుడూ టబ్బుల్లో పీతలూ నక్షత్రచేపలూ వేసుకుని, ఘాట్ రోడ్డంతా వాంతులు చేసుకుంటూ, సముద్రం చూడని మా కొండవాళ్లకి చూపించడానికి వస్తుంది. రాగులు పండే చోట నక్షత్రచేపతో పనేమిటని మొదటిరోజే స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ అడిగాను. అప్పట్నుంచీ ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడదు. నాకు సరిగ్గా నిద్ర పట్టదు. వ్యాన్ వచ్చే రోజు మాత్రం నా చొక్కాకి ఇస్త్రీ ఉంటుంది. యాదృచ్ఛికమే.

“ఈసారీ జనం రాకపోతే మా డైరెక్టర్ ప్రసాద్ సార్ ఈ ట్రిప్పులు ఆపేస్తారట,” అంది టబ్బువైపు చూస్తూ.

అంటే వ్యాన్ రాదు. ఆవిడా రాదు.

“టబ్బులెత్తండి. సంతకే పోదాం.”

ఎండుచేపల కొట్టు పక్కన చోటు దొరికింది. బతికున్న చేపలకి ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో! మొదట వచ్చింది మా అవ్వ యర్రమ్మ.

“ఏటే గుంటా, పీతలెంత?”

“అమ్మడానికి కాదమ్మా, చూడ్డానికి.”

“సూడ్డానికా? అమ్మనోళ్లు సంతకెందుకొచ్చినారే? సోటు దండగ!”

జనం ఔనౌనన్నారు. కొండ దిగి నడిచొచ్చిన మనిషి ముందు సరుకు పెట్టి అమ్మననడం మా సంతలో అవమానం. ఆ సంగతి ఫ్లోరెన్స్ చదివిన పుస్తకాల్లో లేనట్టుంది. ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆవిడ కళ్లు తడయ్యాయి.

“అవ్వా, పట్టి చూడకుండానే పోతావా?” అన్నాను.

చేత్తో పట్టి, ఎత్తి, తిప్పి చూడకుండా మావాళ్లు కోడిని కూడా కొనరు. కొన్నా కొనకపోయినా పట్టి చూడటం హక్కు. ఫ్లోరెన్స్ టక్కున అందుకుని, శంఖంలో దూరిన చిన్న పీతని అవ్వ అరచేతిలో పెట్టింది.

“ఇది ఖాళీ శంఖం వెతుక్కుని కాపురం పెడుతుందమ్మా. ఒళ్లు పెరిగితే ఇల్లు మారుస్తుంది.”

“అద్దెకా?”

“ఊరికే!”

“అద్దె కట్టే మా ధర్మగాడి కంటే తెలివైనోడే!” అంది అవ్వ నన్ను చూపిస్తూ.

అంతే, అందరూ చేతులు చాపారు. కాసేపటికి సంతంతా మా దగ్గరే ఉంది. తనిఖీకి వచ్చిన ప్రసాద్ సార్ జీపు ఆ జనంలోనే ఇరుక్కుపోయింది. దిగి వచ్చి పొంగిపోయాడు.

“భేష్ ఫ్లోరెన్స్! ట్రిప్పులు ఇక ఆపను. నిన్ను మాత్రం ఇలా తిప్పి వృథా చెయ్యను. నువ్వు ల్యాబ్‌లో ఉండు. ఇక్కడికి కెవిన్ వస్తాడు.”

జీపులోంచి ఆయన శిష్యుడు, మీసాల కెవిన్ నాకు చెయ్యి ఊపాడు. ఇంత కష్టపడి నేను సంపాదించుకున్నది కెవిన్‌ని.

టబ్బులు వ్యాన్ ఎక్కాయి. “థాంక్స్ మాస్టారూ,” అంది ఫ్లోరెన్స్.

ఏదో చమత్కారం ఆడబోయాను. మానేశాను.

“మీరు రాకపోతే నాకు బాగుండదండి. పీతల కోసం కాదు. మీరంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకోవాలనుంది.”

ఎండుచేపలావిడ తూకం ఆపేసింది.

“ఇందులో వెటకారం ఎక్కడుంది?” ఫ్లోరెన్స్ అనుమానంగా అడిగింది.

“లేదండి.”

“నిజంగా?”

“నిజంగా.”

ఆవిడ ముఖం ఎర్రబడింది. “అయితే ఆదివారం భీమిలి రండి. చర్చి అయ్యాక నాన్న ఇంట్లోనే ఉంటారు.”

“ఆడొక్కడే ఏటి? గుంటని అడగడానికి పెద్దోళ్లు రావాల,” అవ్వ మధ్యలో దూరింది. “నానొత్తాను. ఈడు నోరిప్పితే సంబంధం సెడిపోద్ది. నానే మాటాడతాను.”

“వద్దవ్వా,” అంది ఫ్లోరెన్స్, నావైపు చూడకుండా. “ఆయన్నే చెప్పనీ. నాకు మళ్లీ వినాలనుంది.”