నాకా ఇంటి మనిషి

నెక్కొండ స్టేషనుకు పోయే అడ్డదారిలో నాకా ఇల్లు మంచిది కాదని చుట్టుపక్కల నాలుగూళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. నిజాం కాలంలో బండ్లు ఆపి సరుకు మీద పన్ను వసూలు చేసిన రాతిగది అది. పన్ను పోయింది, వసూలు చేసినవాళ్లు పోయారు, గది మాత్రం మిగిలింది. సగం కప్పు కూలిపోయింది. చుట్టూ తుమ్మచెట్లు కమ్ముకున్నాయి.

చీకటి పడితే అక్కడ తెల్లచీర కదులుతుందనేవాళ్లు. ఎవరో గొంతు తగ్గించి పిలిచినట్టు ఉంటుందట. దాన్ని కళ్లారా చూసిన వెంకట్రాజం మూడు రోజులు జ్వరంతో వణికి, నాలుగోనాడు ఎడ్లమ్ముకుని ఊరే విడిచిపోయాడు. ఆ తర్వాత పగలు కూడా ఎవరూ అటు పోలేదు. మూడు మైళ్ల దారి వదిలేసి, ఏడు మైళ్లు రోడ్డు మీద చుట్టు తిరిగేవాళ్లు.

ఇది డెబ్బై తొమ్మిదిలో, ముసురు పట్టిన భాద్రపదంలో, ప్రమీలకు జరిగిన సంగతి.

ప్రమీల హనుమకొండ పట్నం సుబేదారిలో పుట్టి పెరిగిన మనిషి. భర్త సుందర్ రావుకు ఆ నాలుగూళ్లలో ఒక ఊరి బడిలో పంతులు ఉద్యోగం వచ్చినప్పుడు, ఆయన ఒక్కడే పోయొస్తాడులే అనుకున్నారు. కానీ నాలుగేళ్ల కూతురు రూతుకు ఆయాసం. పట్నంలో వాళ్ల అద్దెగది పక్కనే కట్టెకోత మిషను ఉండడంతో, రాత్రిళ్లు పిల్ల పక్కటెముకలు ఎగిసెగిసి పడేవి. ఊరికి తీసుకొచ్చిన రెండు నెలలకే ఆ ఆయాసం తగ్గిపోయింది. వాకిట్లో మంచమేసుకుని పడుకుంటే, పిల్ల ఊపిరి చప్పుడు వినపడడం లేదని భయపడి, ప్రమీల లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

ఇక ఆమె పట్నం మాటెత్తలేదు. పొద్దున్నే నురగ తగ్గని పాలు. దడి మీద పాకిన చిక్కుడు. పక్కింటి మల్లక్క అయితే తన ఇంట్లో ఏది వండినా ఒక గిన్నె ఇటు పంపేది. "నాకు తోడబుట్టినదానివి, చెల్లె" అనేది. దవాఖాన లేదని, కరెంటు లేదని, సాయంత్రం అయిదు దాటితే బస్సు లేదని ప్రమీలకు తెలుసు. తెలిసీ, ఆ సంగతి తలుచుకునేది కాదు.

ఆ రోజు సుందర్ రావు ట్రైనింగని హనుమకొండ పోయాడు. పొద్దుగూకే వేళ పొయ్యిలోకి పిడకలు తెస్తానని రూతు కుప్పలో చెయ్యి పెట్టింది... కెవ్వుమంది.

ఎర్రతేలు.

ఊరి మంత్రగాడు మొండయ్య వచ్చి మంత్రం వేశాడు, వేపమండతో దిగదీశాడు. గంట గడిచింది. పిల్ల ఏడుపు మానేసింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ప్రమీల మాత్రం పిల్ల అరికాళ్లు పట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయి. ఒళ్లంతా చెమట. నోటి వెంట నురగలాంటి వాంతి.

"బండి కట్టండి" అంది.

"కడుతం గానీ సారమ్మా... రోడ్డు మీద బురద. తెల్లారుతది చేరేసరికి" అన్నాడు మొండయ్య.

"అడ్డదారిన పోదాం."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ప్రమీల పిల్లను భుజాన వేసుకుని కందిలి అందుకుంది. మల్లక్క పరుగున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. "అటు పోకు చెల్లె. నీ కాళ్లు మొక్కుత... అటు మాత్రం పోకు."

"అయితే నువ్వు తోడు రా."

మల్లక్క మెల్లగా చెయ్యి వదిలేసి, తల దించుకుంది. అంత ప్రేమ చూపే మనిషి అట్లా చెయ్యి వదిలేస్తుందని ప్రమీల అనుకోలేదు. చీకట్లో నడుస్తుంటే తేలుకన్నా అదే ఎక్కువ మంట పెట్టింది.

సన్నని తుంపర. కాలు తీస్తే బురద, వేస్తే బురద. పైకి ప్రార్థన చేసుకుంటూనే, మనసులో పిల్ల ఊపిరులు లెక్కపెట్టుకుంటూ పోయింది. తుమ్మల గుంపు నల్లగా కనపడింది. అటు చూడకూడదు, తల వంచుకుని దాటిపోవాలి అనుకుంది...

గాలి కొట్టింది. కందిలి ఆరిపోయింది.

అప్పుడు వినపడింది. ఎండుటాకులు రాసుకున్నట్టు... ఒక గొంతు.

"ఆగు..."

ప్రమీల ఆగింది.

"ఆ దారిల పోకమ్మా... వాగొచ్చింది. నడుం లోతు దాటింది..."

గోడవార తెల్లగా ఏదో లేచి నిలబడింది. తల నుంచి కాళ్ల దాకా చీర కప్పుకున్న ఆకారం. మొహం లేదు. ప్రమీల పిల్లను ఇంకా గట్టిగా అదుముకుంది. భుజం మీద పిల్ల ఒక్కసారి బిగుసుకుని, మళ్లీ సడలింది. ఆ సడలడంతో ఆమె భయం ఇంకో దిక్కుకు తిరిగింది.

"నా బిడ్డ సచ్చిపోతాంది" అంది. దెయ్యానికే చెప్పుకుంది.

ఆకారం గోడ వదిలి దారి మీదికి వచ్చింది. తర్వాత — "రైలు వంతెన మీదికెల్లి పోవాలె. నా ఎన్క రా... దగ్గరికి మాత్రం రాకు."

తెల్లచీర ముందు, ప్రమీల వెనుక. పది అడుగుల ఎడం. ప్రమీల తొందరపడితే ఆకారమూ తొందరపడేది. వాగు హోరు దగ్గరయింది. రైలు కట్ట ఎక్కారు. వంతెన మీద చెక్క స్లీపర్లు, వాటి సందుల్లో కింద నల్లటి నీళ్లు.

"బొగ్గుబండి ఇప్పుడే పోయింది. ఇంకోటి జాముసేపటికి గాని రాదు. ఫికర్ జెయ్యకు... ఒక్కో చెక్క మీద అడుగెయ్యి."

సగం దాటాక ప్రమీల కాలు జారింది. మోకాలు చెక్కకు కొట్టుకుంది. పిల్ల భుజం మీద నుంచి జారిపోతుంటే... ఒక చెయ్యి రివ్వున వచ్చి పిల్లను అదిమి పట్టుకుంది.

మబ్బు చాటు నుంచి కొంచెం వెన్నెల పడింది. ఆ చేతికి వేళ్లు లేవు. మొద్దుబారిన నాలుగు మొదళ్లు, ఒక సగం బొటనవేలు.

ప్రమీలకు అలాంటి చేతులు కొత్త కాదు. ఆమె తల్లి మిషన్ దవాఖానలో ఆయా. చిన్నప్పుడు ఆ వార్డు మెట్ల మీద కూర్చుని ఇలాంటి చేతుల నుంచి జామపండ్లు అందుకుని తిన్నది.

"నువ్వు... మనిషివే!"

ఆకారం చప్పున చెయ్యి లాక్కుంది. "ముట్టుకున్న... పాపకు నా చెయ్యి తల్గిందమ్మా... ఏమనుకోకు. కిందవడుతదని ముట్టుకున్న." చీర చెంగులో చెయ్యి దాచుకుంది. "ఇగ తిన్నగ పో, స్టేషన్ దీపం కనవడుతది. మా అక్కకు మాత్రం చెప్పకు, నేను మాట్లాడిన్నని."

"ఎవరు మీ అక్క?"

"మల్లక్క."

నెక్కొండలో డాక్టరు నిద్ర లేచి సూది వేశాడు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ని అన్నాడు. తెల్లవారుజామున రూతు కళ్లు తెరిచి నీళ్లడిగింది.

మధ్యాహ్నానికి రోడ్డు మీదుగా బండిలో తిరిగొస్తే, ఊరంతా వాకిట్లో ఉంది. మల్లక్క పిల్లను లాక్కుని ముద్దులు పెట్టుకుంది, ఏడ్చింది. ముసలి మొగిలమ్మ గొంతు తగ్గించి అడిగింది — "దారిల... ఏమన్న కనవడ్డదా?"

ప్రమీల మల్లక్క వైపు చూసింది. మల్లక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కనవడ్డది" అంది ప్రమీల. "తెల్లచీర. వాగు దాకా ఎంటవడ్డది. పగలైనా రాత్రైనా అటు పోకుండ్రి."

జనం హడలిపోయారు. మల్లక్క అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది.

పొద్దుగూకినాక మల్లక్క వచ్చి, తలుపు దగ్గరకేసి, ప్రమీల ముందు కూర్చుంది. "ఆ దెయ్యాన్ని పుట్టిచ్చింది నేనే, చెల్లె" అంది. "ఎంకట్రాజాన్ని బెదిరిచ్చిందీ నేనే. నా చెల్లె చిలుకమ్మకు పెద్దరోగమొచ్చిందని అత్తగారోళ్లు ఎల్లగొట్టిండ్రు. సచ్చిపోయిందని ఊళ్లె చెప్పిన. తెలిస్తె మమ్మల్ని బాయిల నీళ్లు తోడుకోనిత్తరా? నా బిడ్డను ఎవడు చేసుకుంటడు? ఏడేండ్లసంది రోజూ బువ్వ పట్కపోతాన. నిన్న నీతోని వత్తే... అది నన్ను అక్కా అని పిలుస్తదని భయమయింది."

ప్రమీలకు నిన్నటి కోపం ఇంకా కొంచెం ఉంది. గిన్నెలు పంపిన చెయ్యి కూడా గుర్తుంది.

"మల్లక్కా... దానికి మందున్నది."

"ఆఁ?"

"గోలీలు. వరంగల్ మిషన్ దవాఖానల ఊకెనే ఇస్తరు. మా అమ్మ ఎంతమందికి ఇచ్చిందో. రోగం ఆగిపోతది. పక్కన కూసోని తినొచ్చు."

మల్లక్క అర్థం కానట్టు చూసింది. "ఎప్పటిసంది ఉన్నది?"

"నా చిన్నప్పటిసంది."

పొయ్యిలో పిడక ఒకటి విరిగి కూలింది. మల్లక్క ఏడవలేదు. పసిపిల్ల అడిగినట్టు అడిగింది.

"మరి... దాని చేతి ఏళ్లు?"

"పోయినయి రావక్కా."

మూడోనాడు వాగు తీసింది. తెల్లవారకముందే ముగ్గురు ఆడవాళ్లు నాకా ఇంటి దగ్గర కలుసుకున్నారు. చిలుకమ్మ అలవాటుగా పది అడుగుల ఎడంగా నడవబోయింది. ప్రమీల ఆగి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మల్లక్క ఒక్క క్షణం తటపటాయించి... రెండో చెయ్యి పట్టుకుంది. ఏడేళ్ల తర్వాత మొదటిసారి.

వరంగల్ పోయే మొదటి బండికి ఇంకా అరగంట ఉంది.