చివరి రెండంకెలు

"నువ్వు నోరు తెరిచావంటే నెమలి ప్రాణాలతో మిగలదు. అదొక్కటే గుర్తుపెట్టుకో" అన్నాడు చీఫ్.

పిల్లి తలూపాడు. అడుగుల చప్పుడు వినిపించదని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు పెట్టారు. నెమలి అంటే శత్రుముఠాలో పాతుకుపోయిన డబుల్ ఏజెంట్. ఆమె పిల్లి తాళి కట్టిన భార్య అన్న సంగతి చీఫ్‌కి తప్ప మరొకరికి తెలియదు.

బ్రీఫింగ్ చిన్నదే. డిపార్ట్‌మెంట్‌లో మూడు సాఫ్ట్‌వేర్లున్నాయి. ఏజెంట్లు ఎక్కడున్నారో కనిపెట్టేది పైథాన్‌లో, సేఫ్‌హౌస్ తలుపులు తెరిచేది సీ ప్లస్ ప్లస్‌లో, ప్రమాద హెచ్చరికలు పంపేది జావాస్క్రిప్ట్‌లో రాశారు. మూడూ వేర్వేరు కంప్యూటర్ భాషలు, ఒకదాని మాట ఇంకొకదానికి ఎక్కదు. మూడూ మాట్లాడుకోవడానికి ఉమ్మడిగా ఒక పద్ధతి, అంటే ఒక మెసేజింగ్ ప్రోటోకాల్ ఎంచుకోవాలి. సరిగ్గా ఆ సరుకునే నెమలి ఉన్న విదేశీ ముఠా కంపెనీ వేషంలో మోసుకొచ్చింది. అందులోంచి వెళ్లే ప్రతి మెసేజ్ నకలూ ముఠాకి చేరుతుంది.

"వద్దని చెప్పేస్తే పోలా సర్?"

"గుట్టు తెలిసింది ఇద్దరికే. ముఠా నాయకుడికీ, నెమలికీ. మనకెవరు చెప్పారో వాడు క్షణంలో పట్టేస్తాడు. మనవాళ్లు తమంతట తామే వద్దనాలి. ఈ బేరం పూర్తిగా పోతేనే నెమలి పని ముగిసి ఇంటికొస్తుంది."

"వాళ్లు సరేనంటే?"

"ఎలాగోలా ఆపు. ఎలాగో మాత్రం నన్నడక్కు."

అలా పిల్లి దొంగమీసం అంటించుకుని, కాఫీ ట్రేతో కాన్ఫరెన్స్ రూంలో అడుగుపెట్టాడు. నీలం సూట్‌లో నెమలి తెర పక్కన నిలబడి ఉంది. ఆమెను చూసి రెండేళ్లయింది. ఆమె మాత్రం అతని వంక ట్రే వంక చూసినట్టే చూసింది. ఆమె వెనక సేల్స్ డైరెక్టర్ పేరుతో కూర్చున్న ముఠా నాయకుడి కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది.

"మూడు భాషలకీ కోడ్ లైబ్రరీలు రాసి రెడీగా ఉన్నాయండీ. మీరు కొత్తగా రాయాల్సింది దాదాపు ఏమీ ఉండదు" అంది నెమలి తియ్యగా.

రాయాల్సిన పని లేదనగానే మూడు టీముల లీడర్ల ముఖాలూ చాటంతయ్యాయి. ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన కమిటీ చైర్మన్ అప్పుడే పెన్ను మూత తీశాడు.

డెమో మొదలైంది. పిల్లి ఫ్లాస్కు మూత తిప్పాడు. అందులోని జామర్ గదిలో నెట్‌వర్క్‌ని చంపేసింది. తెర బిగుసుకుపోయింది. హమ్మయ్య అనుకున్నాడు. చైర్మన్ లేచి గది అంతా కలియజూసేసరికి గత్యంతరం లేక పిల్లి జామర్ ఆపేశాడు. ఆగిన మెసేజ్‌లన్నీ ఒక్కటీ పోకుండా వరసగా వచ్చి తెర మీద పడ్డాయి.

"నెట్ పోయినా మెసేజ్ పోలేదు!" అని పైథాన్ లీడర్ బల్ల చరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శత్రువు సరుకుకి తన చేతులతోనే ప్రచారం చేసిపెట్టినందుకు పిల్లికి ఏడుపొక్కటే తక్కువ.

నెమలి కాఫీ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది. "చక్కెర ఎక్కువైంది."

అది వాళ్లిద్దరి మధ్య కోడ్. చేతులు ముడుచుకుని కూర్చో అని అర్థం. పిల్లి గోడకి అతుక్కుపోయాడు. ఇంకేం చేయగలడు?

"ఉత్తుత్తి నంబర్లతో ఎందుకండీ? మీ అసలు ఏజెంట్ నంబర్ ఒకటి పంపి చూడండి" అంది ఆమె.

పద్దెనిమిది అంకెల నంబరు వెళ్లింది. పైథాన్‌లో సరిగ్గా వచ్చింది. సీ ప్లస్ ప్లస్‌లోనూ సరిగ్గా వచ్చింది. జావాస్క్రిప్ట్ తెర మీద మాత్రం చివర తొంభై ఏడు ఉండాల్సిన చోట రెండు సున్నాలు కూర్చున్నాయి.

"అంటే హెచ్చరిక వేరేవాడికి పోతుందన్నమాట!" అన్నాడు చైర్మన్.

నాయకుడి చూపు నెమలి మెడ మీద ఆగింది. జేబులో చెయ్యి కదిలింది. పిల్లి పరిగెత్తితే ఆమె చస్తుంది, నిలబడినా చచ్చేలా ఉంది.

"చిన్న విషయం. ఆ భాషలో అంత పెద్ద నంబర్లు ఇమడవు. నంబర్‌ని అక్షరాల్లా పంపితే చాలు, రెండు లైన్ల మార్పు" అని నాయకుడే నవ్వేశాడు.

చైర్మన్ శాంతించాడు. పెన్ను కాగితానికి తగిలింది.

"ఎవరు మార్చాలి?" అన్నాడు పైథాన్ లీడర్. "మా వైపు అంతా సరిగ్గానే ఉంది."

"తప్పు ఆ భాషది. మేమెందుకు ముట్టుకోవాలి?" అన్నాడు సీ ప్లస్ ప్లస్ లీడర్.

"పంపేది మీరైతే మార్చేది మేమా? బాగానే ఉంది వరస!" అంటూ జావాస్క్రిప్ట్ లీడర్ కుర్చీలోంచి లేచాడు.

పాత కక్షలన్నీ బయటికొచ్చాయి. రెండు లైన్లు తామే రాస్తామని నాయకుడు బతిమాలితే, మా కోడ్ మీద బయటివాళ్లు చెయ్యి వేయడమేంటని ముగ్గురూ ఒక్కటై అతని మీద పడ్డారు. చైర్మన్ తల పట్టుకుని, రాసిన సగం సంతకాన్ని కొట్టేశాడు.

"వచ్చే మీటింగ్‌లో చూద్దాం. మూడు నెలల తర్వాత."

నాయకుడు జేబులోంచి చెయ్యి తీసి నుదురు తుడుచుకున్నాడు. అతని కోపమంతా ఆ ముగ్గురి మీదే ఉంది. నెమలి మీద అనుమానం నిలవలేదు. "మూడు నెలల్లో మళ్లీ వద్దాం, పద" అని ఆమెతో అంటూ కారు దాకా నడిపించుకెళ్లాడు.

పిల్లి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరగలేదు, అతను చెయ్యి ఊపలేదు. ఏజెంట్లందరూ క్షేమం. నిర్ణయం వాయిదా పడింది, దాంతో పాటే అతని భార్య ఇంటికి రావడమూ.