ఆ కుర్రాడు మీకేమవుతాడు?

వచ్చీ రాగానే బాల్కనీ కింది దూలంలో సన్నటి చువ్వ గుచ్చాడతను.

"ఇంటికొచ్చి ఇంటినే పొడుస్తారేంటండీ?" అంది బైండింగమ్మాయి, చేతికంటిన జిగురు తుడుచుకుంటూ.

"పుచ్చిందో లేదో చూస్తున్నానండీ."

"పుచ్చకపోతే మిమ్మల్నెందుకు పిలుస్తాం?"

అతను నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పాత కట్టడాల ఆఫీసులో ఇన్‌స్పెక్టరతను. ఆ ఇంట్లో కింద తండ్రీకూతుళ్ళ పుస్తకాల బైండింగు షాపు, పైన కాపురం, వీధిలోకి పాతకాలపు చెక్క బాల్కనీ. అదిప్పుడు ఒరిగింది. వానలకి ముందే బాగుచెయ్యకపోతే కూల్చేస్తామని మునిసిపాలిటీ నోటీసు అంటించి పోయింది. బాగుచేయించే స్తోమత తండ్రికి లేదు. ఇలాంటి ఇళ్ళు కాపాడుకోమని ప్రభుత్వం నిధులిస్తోంది గానీ, ముందు ఇన్‌స్పెక్టరు చూసి ఇవ్వొచ్చని రాయాలి.

కొలతలకని మళ్ళీ వచ్చాడు. ఫొటోలకని ఇంకోసారి. ఫొటోలు సరిగ్గా రాలేదని ఆ తర్వాత.

"బాల్కనీ పైనుందండీ," అందామె. కెమెరా షాపులోకి చూస్తోంది మరి.

"వెలుతురు చూస్తున్నా."

"లోపల లైటే వెయ్యలేదు."

అతను కెమెరా దించాడు. టేపు చుట్టాడు. చుట్టిందే విప్పి మళ్ళీ చుట్టాడు.

ఓ సాయంత్రం జల్లు పడితే ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మ ఆ బాల్కనీలోనే కూర్చుని పేజీలు కుట్టేది," అందామె. "నేనూ అక్కడే కుడతాను. కింద చీకటి. అది పోతే పనీ పోతుంది, అమ్మా పోయినట్టే."

అతను తల వంచుకుని విన్నాడు. వాన వెలిశాక కూడా కాసేపు నిలబడ్డాడు.

ఆ తర్వాత రావడం మానేశాడు. ఫైలు అదే ఆఫీసులోని 'వాపసు మేడమ్'కి వెళ్ళిందని కబురు. ఆవిడ చేతిలో పడ్డ ఏ ఫైలైనా ఓ లోపంతో తిరిగొస్తుంది, ఆ పేరు అలా వచ్చిందే.

"చేతులు దులుపుకున్నాడు నాన్నా," అంది. ఆ పూట కుట్టిన పుస్తకమంతా విప్పి మళ్ళీ కుట్టాల్సొచ్చింది.

మేడమ్ వచ్చింది. దూలాలు తట్టింది, పలకలు తొక్కి చూసింది. కిందికి దిగి తిన్నగా అడిగింది.

"ఆ కుర్రాడు మీకేమవుతాడు?"

"ఏ కుర్రాడమ్మా?" అన్నాడు తండ్రి.

"మా ఇన్‌స్పెక్టరు. సొంతవాళ్ళ ఇళ్ళకి నిధులిమ్మని మేం రాయకూడదు. ఈ ఇంటి ఫైలు తను చూడకూడదని నాకిచ్చేశాడు. ఏమవుతారయ్యా అంటే నోరు విప్పడు. ఏమీ కాడంటే చెప్పండి, ఫైలు అతనికే పంపేస్తా."

తండ్రి కూతురి వంక చూశాడు.

కాడని ఒక్క మాటంటే ఫైలు అతని చేతికే పోతుంది, బాల్కనీ నిలుస్తుంది. ఆమె జిగురు గిన్నె మీద మూత పెట్టింది. మళ్ళీ తీసింది.

"అవుతారండీ," అంది.

"ఏమవుతాడు?"

"అది మా నాన్నకే ఇంకా చెప్పలేదు."

మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంది. "సరే, నేనే రాస్తాను. దూలం మార్చండి, పలకలు మాత్రం పాతవే ఉండాలి. సిమెంటు కనబడిందా, నిధులు ఆపేస్తా."

"అంటే... ఇస్తారా?"

"మంచి చెక్కమ్మా. ఎందుకివ్వను?"

నిధులు మంజూరైన రోజు సాయంత్రం అతనొచ్చాడు. చేతిలో టేపు లేదు, కెమెరా లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టాడు.

"ఒక్క మాట చెప్పి రావడం మానెయ్యొచ్చుగా?" అంది.

"ఫైలు నా దగ్గరుండగా అడిగితే మీరు కాదనలేరు. అది తేలేదాకా ఆగాను."

"ఇప్పుడు కాదనొచ్చా?"

"అనొచ్చు."

"అనను లెండి," అందామె, సూదిలో దారం ఎక్కిస్తూ. అది ఎంతకీ ఎక్కలేదు.

తండ్రి లోపల్నుంచి వచ్చి గుమ్మం పట్టుకు నిలబడ్డాడు.

"ఏం ఇన్‌స్పెక్టరుగారూ, ఏం పని మీదొచ్చారు?"

"పనేమీ లేదండీ."

తండ్రి అతన్నీ, కూతుర్నీ చూశాడు. పక్కకి జరిగి దారిచ్చాడు.

"లోపలికి రా బాబూ."