అధ్యక్షుడికి పక్షం ఉండకూడదా?

"నువ్వు మనిషివా, మర్యాదల పుస్తకానివా?" అద్దాలబ్బాయి లైబ్రేరియన్‌ని లైబ్రరీ మెట్ల మీదే నిలదీశాడు. కళ్లజోళ్ల షాపు నడుపుతాడు కాబట్టి అందరికీ అతను అద్దాలబ్బాయే.

"మెల్లగా! లోపల నాన్న ఉన్నారు."

"ఉండనీ! పోయినవారం చర్చలో ఎవడో మన ప్రేమని జబ్బన్నాడు. నువ్వేమో 'థాంక్సండీ' అన్నావు. నాకు ఒళ్లు మండిపోయింది."

"చర్చకి అధ్యక్షుణ్ణి. ఎవరి పక్షమూ తీసుకోకూడదు."

"నాలుగేళ్ల నుంచి నా పక్షమూ తీసుకోలేదుగా! ఇవాళ కూడా నోరు కుట్టుకుని కూర్చున్నావంటే, నీ దారి నీది, నా దారి నాది."

లైబ్రేరియన్ మొహం పాలిపోయింది. అది చూస్తే కోపం సగం దిగిపోతుందని తెలిసి, అద్దాలబ్బాయి చూడకుండానే లోపలికి నడిచాడు.

లైబ్రరీలో వారం వారం జరిగే ఆ చర్చకి ఒకటే నియమం. జవాబిచ్చే ముందు ఎదుటివాడి మాటని మన నోటితో చెప్పాలి. అతను "అవును, అదే నా మాట" అనేదాకా వదలకూడదు. లైబ్రేరియన్‌కి తప్ప ఇలాంటి చాదస్తం ఇంకెవరికి తడుతుంది?

మగవాళ్లిద్దరు పెళ్లి చేసుకోవచ్చా అన్నది విషయం. మొదట లేచింది లైబ్రేరియన్ తండ్రి, రిటైరైన లెక్కల మాస్టారు. కొడుకు సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన వాడితో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు.

"పెళ్లంటే ఆడా మగా. రేపు ముసలితనంలో వీళ్లకి ఎవరు దిక్కు?"

అద్దాలబ్బాయి పళ్లు నూరుతూ అప్పజెప్పాడు. "మాకు దిక్కు లేకుండా పోతుందని మీ భయం."

"అవును, అదే నా మాట," అన్నారు మాస్టారు, కాస్త ఆశ్చర్యంగా.

"ఇప్పుడు నాది. మీరు ఊళ్లో లేనప్పుడు మీవాడు జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. నువ్వేమవుతావని నన్నడిగారు. ఫ్రెండునన్నాను. మూడు రోజులు బయట బెంచీ మీదే కూర్చోబెట్టారు. నాకు ఆ తలుపు దాటే హక్కు కావాలి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఎవరో అబ్బాయికి జ్వరం వస్తే..."

"కాదండీ."

"ఒక స్నేహితుడికి..."

"కాదు మాస్టారూ!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. "మావాడికి! మావాడికి జ్వరమొస్తే మూడు రోజులు ఇతనే కాపలా ఉన్నాడు. ఇతనికి వాడంటే ప్రాణం. చాలా?"

"అవునండీ. అదే నా మాట." అద్దాలబ్బాయి కుర్చీలో కూలబడ్డాడు.

లైబ్రేరియన్ అధ్యక్షుడి కుర్చీ వదిలి, నేరుగా వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. అందరి ముందూ చెయ్యి పట్టుకున్నాడు.

"నా పక్షం ఇదీ నాన్నా."

నాలుగేళ్లు ఏడిపించి ఇప్పుడా చెప్పేది! అద్దాలబ్బాయి తిట్టాలో ఏడవాలో తెలియక ఆ చేతిని గట్టిగా నొక్కాడు.

"నేనింకా ఒప్పుకోలేదు," అన్నారు మాస్టారు.

"తెలుసు నాన్నా."

"ఇక్కడ టైమైపోయింది. ఆదివారం ఇతన్ని భోజనానికి తీసుకురా. మిగతాది ఇంట్లో వాదించుకుందాం."