వెలగని ఎయిర్‌బ్యాగ్ దీపం

కారు గోడను గుద్ది తగలబడింది. రాకెట్ శాస్త్రవేత్త, డ్రైవరు ఇద్దరూ అందులోనే పోయారు. డ్రైవర్ నిద్రపోయాడని చీఫ్ రిపోర్టు రాసి, తాపీగా కాఫీ తాగాడు.

ఏజెంట్ ముంగిసకు ఒళ్లు మండిపోయింది. ఆ డ్రైవరు అతని బావ. కారును టెస్ట్ చెయ్యనిదే గేటు దాటించని మనిషి. ఆ ఉదయం ల్యాబ్ సెక్రటరీ తొందరపెట్టి టెస్ట్ చెయ్యనివ్వలేదని ఫోన్లో విసుక్కున్నాడట. అక్క ఏడుస్తూ చెప్పిన ఆ ముక్క చీఫ్ చెవికెక్కలేదు. విదేశీ ముఠా మరో శాస్త్రవేత్త మీద కన్నేసిందనీ, ఆయన్ని ఎయిర్‌పోర్టుకు చేర్చమనీ ఆర్డరేసి ఊరుకున్నాడు.

అతికించిన మీసంతో, డ్రైవర్ యూనిఫాంలో ముంగిస స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెనక సీట్లో పెద్దాయన ఫైలు చదువుకుంటున్నాడు. నల్లకళ్లద్దాల సెక్రటరీ కిటికీలోకి వంగింది. సెంటు గుప్పుమంది.

"లేటవుతోంది. ఆ టెస్టులవీ తర్వాత. ముందు బండి తియ్."

బావతోనూ ఇలాగే అని ఉంటుంది. ముంగిస పళ్లు నూరాడు.

మీటర్ల పక్కనున్న ట్రిప్ బటన్ నొక్కిపట్టి తాళం తిప్పాడు. కారు తనను తాను పరీక్షించుకునే డయాగ్నోస్టిక్ మోడ్ అది. మీటర్ల ముళ్లన్నీ చివరిదాకా లేచి పడ్డాయి. బ్రేకులు ఓకే. ఇంజన్ ఓకే. ఈ మోడ్‌లో హెచ్చరిక దీపాలన్నీ వెలిగి తీరాలి. ఒక్క ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగలేదు. ఎయిర్‌బ్యాగ్ పీకేసిన సంగతి బయటపడకుండా దాని నోరు ఎవరో ముందే నొక్కేశారు. అంటే స్టీరింగ్‌లో ఉన్నది ఎయిర్‌బ్యాగ్ కాదు, బావ కారును తగలబెట్టినలాంటి బాంబు.

"పెద్దాయనా, దిగి పరిగెత్తండి!"

శాస్త్రవేత్త ఫైలు వదిలేసి దూకాడు. సెక్రటరీ వెనక్కి గెంతి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. ముంగిస మోకాలి దగ్గరి ఫ్యూజుల పెట్టె మూత ఊడబెరికి, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటిచ్చే ఫ్యూజు కోసం వేళ్లు లోపలికి దూర్చాడు. ఆమె లిప్‌స్టిక్ అడుగునున్న రిమోట్ బటన్ నొక్కింది.

టిక్కుమంది. అంతే.

పెరికిన ఫ్యూజు పట్టుకుని ముంగిస కిందికి దిగాడు. ఆమె చెయ్యి మెలితిప్పి బేడీలు వేశాడు.

"మా బావ ఒక్కరోజు నీ మాట విన్నాడు. నేను వినను."

చీఫ్ ఫోన్ చేశాడు. ముందు కారు ఎలా ఉందని అడిగాడు.

"భేషుగ్గా ఉంది సార్," అన్నాడు ముంగిస, మీసం పీకేస్తూ. "బాంబు తీయించి, ఒక బల్బు మార్పించాలి. మీ రిపోర్టు కూడా."