తెల్లవి కూడా పొడుచుకో, ఫూకా

బయట వాన. చంకలో ఒక పిల్లిని ఇరికించుకుని ఒక పిల్ల తిన్నగా వడ్రంగి కొట్లోకి నడిచి వచ్చేసింది. చిత్రిక పడుతున్న షుంపేయ్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పిల్లకి మహా ఉంటే రెండున్నరేళ్ళు. కాళ్ళకి చెప్పుల్లేవు. పిల్లి తోక నేలకి రాసుకుంటోంది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఫూకా. ఇది గొమా. దీనికి ఆకలి."

ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్ళ పిల్ల కాబోలు అనుకున్నాడు షుంపేయ్. ఎదురిల్లు పది అడుగుల దూరమే, కానీ మధ్య సందులో డెలివరీ వ్యాన్లు రివ్వున పోతుంటాయి. పిల్లని ఒక చేత్తో, పిల్లిని ఒక చేత్తో ఎత్తుకుని సందు దాటాడు. కనజావా ఊళ్ళో ఆ వీధి ఇళ్ళన్నీ పాతవే, తలుపులన్నీ పక్కకి జరిగేవే. ఎదురింటి వీధి తలుపు మూరెడు తెరిచి ఉంది.

"ఎవరండీ ఇంట్లో?" అని అరిచాడు.

మోచేతుల దాకా సబ్బు నురగతో, కొప్పులో పెన్సిల్ గుచ్చుకుని ఒకమ్మాయి పరుగున వచ్చింది. "కాస్త మెల్లగా అండీ, పాప పడుకుం..." అంటూ పాపని చూసింది.

"పడుకుందా? మా కొట్లో పిల్లికి భోజనం అడుగుతోంది! కాస్తయినా జాగ్రత్త ఉండక్కర్లేదా?"

"నేను తలుపు వేశానండీ! గట్టిగా వేశాను!"

"వేస్తే సరా? గడియ లేని తలుపు పిల్లి కూడా తీస్తుంది."

"పిల్లి తలుపు తీస్తుందా? మీరు మరీ చెప్తారు!" అని ఆ అమ్మాయి తలుపు విసురుగా మూసింది.

గొమా షుంపేయ్ చేతిలోంచి జారి, తాపీగా తలుపు దగ్గరికి నడిచి, సందులో పంజా దూర్చి, పక్కకి లాగి, బయటికి వెళ్ళిపోయింది.

ఇద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. ముందు ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే పాపని గుండెకి అదుముకుని భోరుమంది. ఆ నవ్వూ ఏడుపూ కలిసిన మొహం చూశాక షుంపేయ్ పని అయిపోయింది.

ఆమె పేరు మిసుజు. వారం కిందటే ఆ ఇంట్లో దిగారు.

షుంపేయ్ ఇంటికొచ్చి ఈల వేసుకుంటూ మూడు గడియలు చెక్కాడు. నాలుగోది చెక్కుతుండగా ఎదురింటి ముందు ఒక లారీ ఆగింది. పొడుగాటి మనిషి దిగాడు. "నాన్నా!" అని ఫూకా అతని మెడకి వేలాడింది. వెనకాల మిసుజు నవ్వుతూ అతని చేతిలో సంచీ అందుకుంది.

షుంపేయ్ నోట్లో ఈల నోట్లోనే ఆగిపోయింది. పెళ్ళయిన మనిషి! ఆ మాత్రం తట్టలేదు తన మట్టిబుర్రకి. పాప ఆమెని "మీచాన్" అని ముద్దుపేరుతో పిలుస్తుందే, అమ్మా అనదే అంటే, ఈ కాలం తల్లులకి అదో ఫ్యాషన్ కాబోలు అని సరిపెట్టుకున్నాడు.

సరిపెట్టుకున్నవాడు ఊరుకోవాలా? మర్నాడే సామాన్ల పెట్టెతో ఎదురింట్లో వాలాడు. పిల్లా పిల్లీ ప్రమాదంలో ఉంటే పొరుగువాడు చూస్తూ కూర్చుంటాడా అని తనకి తనే చెప్పుకున్నాడు.

వీధి తలుపుకి పిల్లకి అందనంత ఎత్తులో గడియ పెట్టాడు. తోట వైపు అద్దాల తలుపుకి తన సొంత తెలివితో ఇంకోటి చేశాడు. తలుపు మూస్తే చాలు, దానంతట అదే టక్కున పడుతుంది. వంటింటి వెనక తలుపుకి గాడిలో సరిగ్గా పట్టే అడ్డకర్ర కోశాడు. ఫూకా వేళ్ళు నలగకుండా తలుపు అంచులకి మెత్తటి ఫెల్టు అంటించాడు. జరుపుడు తలుపుని పైకెత్తితే గాడిలోంచి ఊడి వస్తుందని ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు కాబట్టి, ఎత్తడానికి వీల్లేకుండా పై గాడిలో చెక్కముక్కలు కొట్టాడు.

"మీరు ఇల్లు కట్టారా, జైలు కట్టారా?" అంది మిసుజు.

"మీ ఖైదీలు అలాంటివాళ్ళు మరి."

"నేను కూడా లోపలే ఉన్నాను. అది గుర్తుందా?"

గుర్తుండక ఏం? కమలాపళ్ళు ఒలిచి చేతిలో పెట్టేది. పని అయిపోయిందని లేవబోతే, "ఈ తలుపు కిర్రుమంటోంది, చూసి వెళ్ళండి," అనేది. ఎంత చెవి ఒగ్గినా అతనికి ఏ కిర్రూ వినపడేది కాదు. అయినా కూర్చుని మైనం రాసేవాడు.

"ఆ ఇంటికి తలుపులెన్నిరా?" అని అడిగాడు తాత తొకుజో ఒకరోజు.

"పదకొండు."

"నా లెక్కకి నువ్వు పదహారు బాగుచేశావు."

షుంపేయ్ చిత్రిక మీదకి వంగిపోయాడు.

డిసెంబరు వచ్చింది. అక్కడ గదుల మధ్య తలుపులంటే చెక్కగళ్ళకి కాగితం అంటించినవే; ఏడాది చివర పాత కాగితం పీకి కొత్తది అంటించాలి. పీకబోయే కాగితాన్ని ముందు ఇంట్లో పిల్లలకి వదిలేస్తారు, వేళ్ళతో పొడిచి చింపుకోమని. ఏడాదంతా ముట్టుకోవద్దన్నదాన్ని ఒక్క పూట చింపమంటే పిల్లలకి అంతకన్నా పండగ ఉండదు.

"పసుపుపచ్చవి పొడుచుకో. తెల్లవి ముట్టుకుంటే వీపు చిట్లుతుంది," అని మిసుజు ఫూకాకి వంద సార్లు చెప్పింది.

పసుపుపచ్చవి పాతబడ్డ కాగితాలు, తెల్లవి లోపలి గదికి వేసిన కొత్తవి. పొద్దున్నే షుంపేయ్ తెచ్చి బిగించాడు. వెలుగు తగిలితే పాలమీగడలా ఉన్నాయి. "ఇది ఏం కాగితమండీ?" అని మిసుజు అడిగితే, "మామూలుదే," అని మొహం తిప్పుకున్నాడు. తాత పెట్టె అడుగు నుంచి చెప్పకుండా తీసిన కాగితం అది. ఆ వారంలో వాళ్ళింట్లో రెండో కాన్పు అని వీధిలో విన్నాడు. మిసుజుకి పొట్ట లేదే అన్న అనుమానం కూడా రాలేదు ఆ మహానుభావుడికి. నోటితో చెప్పకూడని ఇష్టం, కనీసం కాగితమై ఆమె పడుకునే గదికి అంటుకుని ఉంటే చాలనుకున్నాడు.

తరవాత ఇద్దరూ చిరుగుల తలుపుల్ని తోటలోకి మోశారు, కడగడానికి. తోట వైపు గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద కెటిల్ సలసల మరుగుతోంది. తలుపులు మోయడానికి అడ్డమని స్టవ్వు చుట్టూ ఉండే కంచె తీసి పక్కన పెట్టారు. ఒక్క నిమిషమే కదా అనుకున్నారు.

వెనకాల గరగరమని చప్పుడు. తరవాత టక్.

షుంపేయ్ ఆ టక్కుని వెంటనే గుర్తుపట్టాడు. తను చేసిన గడియ!

తిరిగి చూస్తే అద్దాల తలుపు మూసి ఉంది. లోపల ఫూకా అద్దానికి ముక్కు నొక్కి పకపకా నవ్వుతోంది. గొమా స్టవ్వు పక్కన ఒళ్ళు విరుచుకుంటోంది.

"వీధి తలుపు!" అంది మిసుజు.

"పొద్దున నేనే లోపల గడియ వేశాను."

"వంటింటి తలుపు?"

"అడ్డకర్ర పెట్టాను."

"అయితే ఈ తలుపే ఎత్తి ఊడదీయండి!"

"చెక్కముక్కలు కొట్టేశాను," అన్నాడు షుంపేయ్. జీవితంలో ఇంత గట్టి పని ఎప్పుడూ చెయ్యలేదు. ఏ ఒక్కటీ ఊడదు. ఏ ఒక్కటీ తెరుచుకోదు.

ఫూకా అద్దం వదిలి కెటిల్ వైపు తిరిగింది. "ఫూకా టీ చేస్తుంది!"

"వద్దు! ఫూకా, వద్దమ్మా!" మిసుజు అద్దం మీద రెండు చేతులా బాదింది. పాప అది కొత్త ఆట అనుకుని మళ్ళీ అద్దానికే వచ్చి అతుక్కుంది. మిసుజు తలుపు పట్టుకుని లాగింది. "అయ్యో, ఇల్లు మారకముందే ఆసుపత్రిలో చేరిన మా అక్కకి ఏం చెప్పను! కాన్పయ్యేదాకా నా పిల్లని చూడవే అని అప్పజెప్పింది. బావ మొహం ఎలా చూడను!"

సుత్తి ఎత్తిన షుంపేయ్ కొయ్యబారిపోయాడు. "అక్కా? బావా?"

"ఏమిటండీ!"

"ఆ లారీ ఆయన మీ బావా?"

"కాకపోతే? ఇదా సమయం ఆ ప్రశ్నకి!"

సమయం కాదు. అతనికీ తెలుసు. కానీ నెల రోజులు! నెల రోజుల నుంచి మింగుతున్న మాట ఒక్కసారి గొంతులోకి తన్నుకొచ్చింది. దాన్ని మళ్ళీ మింగి పాప వంక చూశాడు. పాప అద్దానికి ఆనుకుని ఉండగా పగలగొడితే గాజుపెంకులు మొహాన పడతాయి. అద్దం వదిలితే వెళ్ళేది కెటిల్ దగ్గరికి.

రెండింటికీ దూరంగా ఉన్నది లోపలి గది ఒక్కటే.

"ఫూకా!" అని అరిచాడు. "తెల్లవి పొడుచుకో!"

పాప నవ్వు ఆపేసింది. "తెల్లవి? వీపు చిట్లుతుంది."

"చిట్లదు! నేను పెట్టాను, నేనే చెప్తున్నా. తెల్లవి కూడా పొడుచుకో. అన్నీ నీవే!"

ఫూకా నమ్మలేదు. మిసుజు వంక చూసింది. మిసుజు షుంపేయ్ వంక చూసింది. పొద్దున ఒక్క ముడత లేకుండా ఆ కాగితాన్ని చేత్తో నిమిరిన మనిషి అతను.

"పొడుచుకో అమ్మా," అంది మిసుజు ఏడుస్తూ. "రెండు చేతులా!"

పాప కేరింత కొట్టి లోపలికి పరిగెత్తింది. పిల్లి దాని వెంట పడింది. టప్! టప్! టప్! ప్రతి చప్పుడుకీ షుంపేయ్ కళ్ళు చిట్లించాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని పై అద్దం పగలగొట్టి, లోపలికి చెయ్యి పెట్టి గడియ ఎత్తాడు. మిసుజు గాజుపెంకుల మీంచి దూకి స్టవ్వు ఆర్పింది. కెటిల్ చేతిలోకి తీసుకున్నాక గానీ ఆమెకి ఊపిరి అందలేదు.

"ఏమైందర్రా? అద్దం పగిలిన చప్పుడు!" అంటూ తొకుజో తోటలోంచి వచ్చాడు. లోపలి గది గుమ్మం దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయాడు.

ఆరు తలుపులు. ఒక్క గడి మిగల్లేదు. ముసలాయన కిందపడ్డ ముక్క ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"ఈ కాగితం చేసినాయన పోయి ఇరవై ఏళ్ళు. ఇంక దొరకదు." మనవడి వైపు తిరిగాడు. "నీ పెళ్ళి గదికి దాచాను కదరా. ఇక్కడెందుకు అంటించావు?"

మిసుజు కెటిల్ కింద పెట్టడం కూడా మర్చిపోయి చూస్తోంది.

"మామూలు కాగితం అన్నారు," అంది నెమ్మదిగా.

"మీకు పెళ్ళయిందనుకున్నాను."

"అనుకుని, మీ పెళ్ళి కాగితం తెచ్చి నా గదికి అంటించారా?"

"ఇంకే గదికీ అంటించాలనిపించలేదు. మీరంటే నాకు ఇష్టం. మొదటి రోజు నుంచీ ఇష్టం."

"మరి రోజూ కిర్రు అని ఎందుకు పిలిచానో ఒక్కసారైనా అనుమానం రాలేదా? ఆ తలుపుల్లో కిర్రుమనేది ఒక్కటైనా ఉందా?"

షుంపేయ్ ఇంట్లో తలుపుల వంక ఒక్కొక్కటిగా చూశాడు. ఆ పూటకి అతన్ని కుదిపినవాటిలో అదే పెద్దది.

మిసుజు కెటిల్ కింద పెట్టి, తొకుజో ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచింది. చెవులు ఎర్రబడ్డాయి.

"తాతగారూ, కొట్లో దొరికే కాగితం అంటిస్తే ఆ పెళ్ళి చెల్లదా?"

ముసలాయన చేతిలో కాగితం ముక్కని జేబులో పెట్టుకుని, "ఒరేయ్, జిగురు కలుపు," అన్నాడు.