పన్నెండు డజన్ల పచ్చి సబ్బులు

1976 ఆగస్టు. శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నర. కంకిపాడు అవతల ఒక హైస్కూలు.

బీరువా తెరిచారు. లోపల సబ్బుల్లేవు. పన్నెండు డజన్లలో ఒక్కటీ మిగల్లేదు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

పిల్లలకు చదువుతోపాటే వ్యాపారం నేర్పే సర్కారు స్కీము అది. సబ్బుల యూనిట్‌కి లీడరు పదో తరగతి శౌరమ్మ. పదకొండింటికి జిల్లా నుంచి ఆఫీసరు వస్తున్నాడు. సరుకు కనిపిస్తే షెడ్డు శాంక్షన్. లేకపోతే యూనిట్ మూత. మూతపడితే సోమవారం నుంచి నాట్లకు రమ్మని వాళ్ళ నాన్న ముందే చెప్పేశాడు.

హెడ్మాస్టరు వెంకటకృష్ణారావు వద్దంటున్నా, శౌరమ్మ పరుగెత్తి స్టేషన్‌లో చెప్పింది.

తొమ్మిదింటికి హెడ్ కానిస్టేబుల్ పోలరాజు సైకిలు దిగాడు. తుమ్మును బట్టి దొంగది ఏ ఊరో చెప్పగలడని ఆయనకు పేరు. ఆ పేరు పుట్టించింది ఆయనే అనుకోండి.

"తాళంచెవులెన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి ఆయా వీరమ్మ దగ్గర," అన్నాడు హెడ్మాస్టరు. "ఇంకేం విచారిస్తారు లెండి."

వీరమ్మ ఇల్లు సోదా చేశారు. కుంకుడుకాయలు దొరికాయి. పోలరాజు ఆమె చేతులు తిప్పి చూసి వెళ్ళమన్నాడు.

"సబ్బు ఎప్పుడు పోశావమ్మా?"

"మంగళవారమండి," అంది శౌరమ్మ. "కాస్టిక్ సోడా ఆలస్యంగా ఇచ్చారు. నాలుగు వారాలు ఆరాలండి. పచ్చిది ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి."

పదకొండుంబావుకి జీపొచ్చింది. ఆఫీసరు అరచేతులు గోక్కుంటూ దిగాడు. డ్రైవరు మెడ గోక్కుంటున్నాడు. గుమస్తా అయితే గేదెలా జీపుకి వీపు రుద్దుతున్నాడు. ఉక్కపోత అన్నాడు హెడ్మాస్టరు. అందరూ అవునన్నారు.

పోలరాజు అందర్నీ బీరువా గదిలో నిలబెట్టాడు.

"వీరమ్మ చేతులకి ఒక్క పొక్కు లేదు. మీ చేతులనిండా ఉన్నాయి సార్. మీకు సబ్బు ఎవరు పంపారు?"

ఆఫీసరు హెడ్మాస్టరు వంక చూశాడు. హెడ్మాస్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్షన్‌కి ముందు శాంపిల్ పంపడం ఆనవాయితీ అట. ఒకరికిచ్చి ఒకరికివ్వకపోతే కోపాలట. అందుకని గురువారం సాయంత్రం జిల్లా ఆఫీసులో బంట్రోతు దాకా తలా డజను పంపేశాడు. శాంక్షన్ కోసమే పంపాననీ, పిల్ల ముందు ఆ మాట చెప్పలేక వీరమ్మ పేరెత్తాననీ గొణిగాడు.

శాంపిల్‌కి ఏ సెక్షనూ వర్తించదు. పోలరాజు పుస్తకం మూశాడు.

ఆఫీసరు తనది తెరిచాడు. పొక్కిన వేళ్ళతో మెల్లగా రాశాడు. సరుకు నిల్. నాణ్యత చర్మానికి హానికరం. యూనిట్ మూసివేయవలెను.

"ఆరితే మంచి సబ్బేనండి," అంది శౌరమ్మ.

ఆయన సంతకం పెట్టి జీపెక్కాడు.

శౌరమ్మ సామాన్ల కొట్టులోకి వెళ్ళి సబ్బు అచ్చులు కడిగింది. తుడిచి వరసగా బల్లమీద పెట్టింది.

"సోమవారం నుంచి రానండి. ఇవి ఎవరికి అప్పజెప్పాలి?"

రిపోర్టులో ఆ సంగతి రాయలేదు. హెడ్మాస్టరు వెతికి చూసి, లేదన్నాడు.